కప్పుకొనేది కాదు, పరచుకొనేది

మన కోస్తా జిల్లాల్లో చలి ఎక్కువ కాలం ఉండదు. సంక్రాంతి దాటి కొద్ది రోజులైతే వెనక్కి తగ్గుతుంది. కనుక చలి అనగానే మన ఇళ్లలో మొదట వినిపించే మాట, "ఇంకో దుప్పటి కప్పుకో" అనే. "కింద ఏం పరచుకున్నావు?" అని అడిగేవారు తక్కువ. ఆ రెండో ప్రశ్న ఎంత ముఖ్యమో తెలియాలంటే మంచు మీద ఒక్క రాత్రి పడుకోవాలి.

ఇప్పుడు మన పల్లెల పిల్లలు కూడా హిమాలయాలకు వెళ్తున్నారు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు అమ్మాయి. వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. అప్పటికి ఆమె వయసు 13 సంవత్సరాల 11 నెలలు. భువనగిరి బండల మీద మొదలైన ఆమె సాధన డార్జిలింగులోను, లడఖ్ చలిలోను సాగింది. ఆ తర్వాత కొండలెక్కాలన్న కోరిక మన ఊళ్లలోనూ చాలామందికి కలిగింది. కోరిక మంచిదే. దానితోపాటు తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి, చూడడానికి చాలా చిన్నది: పిల్లవాడి వీపు సంచికి చుట్టి కట్టే చాప.

సంక్రీ దారిలో

రెండేళ్ల క్రితం జనవరిలో మా మేనల్లుడు కేదార్‌కంఠ వెళ్తానన్నాడు. అది ఉత్తరాఖండ్ రాష్ట్రం, ఉత్తరకాశీ జిల్లాలో ఉన్న కొండ. ఎత్తు 12,500 అడుగులు. చలికాలంలో మంచు మీద నడిచి ఎక్కగలిగిన కొండల్లో అది పేరు పొందింది. "వాడొక్కణ్ణీ పంపను. నువ్వూ వెళ్లు తమ్ముడూ" అన్నది మా అక్క. అని ఊరుకోలేదు. పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంత ఒకటి తెచ్చి వాడి ముందు పెట్టింది. కిరాణా కొట్టులో తూయిస్తే నాలుగు కిలోలు దాటింది.

"మామయ్యా, ఇది మోసుకుని కొండెక్కితే పైన పడుకోవడం కాదు, దారిలోనే పడిపోవడం" అన్నాడు మేనల్లుడు.

వాడన్నది నిజమే. కొండ ఎక్కేటప్పుడు వీపు మీది ప్రతి అరకిలో మోకాళ్లకు తెలుస్తుంది. కాని మా అక్క భయం కూడా నిజమే. తేలికగాను ఉండాలి, వెచ్చగాను ఉండాలి. ఈ రెండింటి మధ్య ఎలా ఎంచుకోవాలి అన్నదే మా ముందున్న ప్రశ్న.

డెహ్రాడూన్ వరకు రైలు. అక్కడినుంచి జీపులో సుమారు 200 కిలోమీటర్లు. ముస్సోరీ దాటి, యమునా లోయలో దిగి, నౌగావ్, పురోలా, మోరీ మీదుగా రోజంతా ప్రయాణం. పురోలా దాటాక రోడ్డుకు రెండు వైపులా పైన్ చెట్లు. మోరీ దగ్గర టోన్స్ నది పక్కనే పారుతుంది. నేట్వార్ అనే ఊళ్లో రూపిన్, సూపిన్ అనే రెండు ఏరులు కలిసి ఆ టోన్స్ నది అవుతాయి. అక్కడినుంచి గోవింద్ వన్యప్రాణి అభయారణ్యంలో ప్రవేశించి, చీకటిపడే వేళకు సంక్రీ చేరాం.

సంక్రీ 6,400 అడుగుల ఎత్తున ఉన్న చిన్న ఊరు. ఆపిల్ తోటలు, రాజ్మా చేలు, బంగాళాదుంపలు వారి బ్రతుకుతెరువు. ఇప్పుడు కొండలెక్కడానికి వచ్చేవారి వల్ల కూడా కొంత సంపాదన ఉంది. అక్కడి పాత ఇళ్లు చూడవలసినవి. దేవదారు దూలాలు ఒక వరుస, రాళ్లు ఒక వరుస పేర్చి కట్టినవి. కింది అంతస్తులో పశువులు, పై అంతస్తులో మనుషులు. పశువుల ఒంటి వేడి పైకి వస్తుంది. పడుకునే నేల రాయి కాదు, కొయ్య. రాయి మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది, అదే గదిలోని కొయ్య మీద పెడితే అంత అనిపించదు. కొయ్యలోని సన్నని గదుల్లో గాలి నిలిచి ఉంటుంది కనుక అది మన వేడిని తొందరగా లాగదు. చలిని గురించి ఆ ఊరివారు తరతరాలుగా నేర్చుకున్న పాఠం ఆ నేలలోనే ఉంది.

నేల ఎలా లాగుతుంది

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. వెచ్చదనాన్ని ఇచ్చేది దుప్పటి కాదు, మన ఒళ్లే. దుప్పటి చేసేది ఆ వేడిని పోకుండా ఆపడం. ఆపేది కూడా నిజానికి నూలో ఉన్నో కాదు, ఆ పోగుల మధ్య కదలకుండా నిలిచి ఉన్న గాలి. అందుకే పొంగుగా ఉన్న రగ్గు వెచ్చగా ఉంటుంది, నలిగి అట్టకట్టినది ఉండదు.

ఇప్పుడు స్లీపింగ్ బ్యాగులో పడుకున్న మనిషిని ఊహించండి. పైభాగం పొంగి ఉంటుంది. కింది భాగం అతని బరువుకు నలిగి కాగితంలా అవుతుంది. అందులో గాలి ఉండదు. ఎంత ఖరీదైన బ్యాగైనా అంతే. ఒంటికీ మంచుకూ మధ్య అడ్డం లేనప్పుడు వేడి నేరుగా నేలలోకి పోతుంది. పైన మూడు రగ్గులు కప్పినా ఆ నష్టం ఆగదు. కనుక కిందికి కావలసింది, బరువు పడినా నలగకుండా గాలిని పట్టి ఉంచే వస్తువు.

మన పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. చలికాలంలో వరిగడ్డి మందంగా పరచి, దాని మీద చాప వేసి పడుకునేవారు. గడ్డిపోచ లోపల బోలు. ఆ బోలులో గాలి. కొండ మీద గడ్డికి బదులుగా మనిషి తయారు చేసుకున్నదే ఈ చాప.

మూడు రకాలు

మొదటిది ఫోమ్ చాప. ఇందులోని గాలి బుడగలు ఒకదానితో ఒకటి కలవకుండా మూసుకుని ఉంటాయి. కనుక నీరు పీల్చదు, చిరిగినా పనిచేస్తుంది, ముల్లు గుచ్చుకుంటే భయం లేదు. చుట్టగా చుట్టేవి, మడతలు పెట్టేవి అని రెండు రూపాలు. మంచి మడత చాప ఆరడుగుల పొడవున్నది 400 గ్రాముల ప్రాంతంలో తూగుతుంది. చుట్టచాపలు వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. దీని లోపం, మెత్తదనం తక్కువ, సంచి బయట కట్టుకోవలసినంత చోటు తీసుకుంటుంది.

రెండవది తనంతట తాను గాలి నింపుకొనే చాప. దీని కథ బాగుంటుంది. అమెరికాలోని సియాటిల్ నగరంలో బోయింగ్ విమానాల కంపెనీలో ఉద్యోగాలు పోయిన ఇద్దరు ఇంజనీర్లు, జిమ్ లీ, నీల్ ఆండర్సన్ అనేవారు, కొండలెక్కే స్నేహితుడు జాన్ బరోస్‌తో కలిసి 1970ల ఆరంభంలో దీన్ని తయారు చేశారు. తోటపని చేస్తూ మోకాళ్ల కింద వేసుకున్న స్పాంజి మెత్త నుంచి గాలి బయటికి పోవడం జిమ్ లీ గమనించాడట. ఆ స్పాంజిని గాలి చొరని గుడ్డలో మూసి, ఒక మూత పెడితే? అదే థర్మారెస్ట్ అయింది. మూత తిప్పగానే స్పాంజి విచ్చుకుని గాలి పీల్చుకుంటుంది. పడక సుఖంగా ఉంటుంది. కాని మిగతా రెండు రకాల కన్నా బరువెక్కువ.

మూడవది గాలి చాప. ఊదితే రెండు మూడు అంగుళాల మందం వస్తుంది, గాలి తీస్తే సీసా అంత అవుతుంది. ఇందులో ఒక మోసం ఉంది, జాగ్రత్తగా వినండి. లోపల ఉత్త గాలి మాత్రమే ఉన్న చాప మంచు మీద వెచ్చగా ఉండదు. అంత పెద్ద ఖాళీలో గాలి కదులుతూ పైనున్న వేడిని కిందికి చేరవేస్తుంది. లోపల దూది వంటి పొరలు గాని, వేడిని తిప్పికొట్టే మెరుపు పొరలు గాని ఉన్నదే చలికి పనికివస్తుంది. అటువంటివాటిలో మేలైనవి అరకిలో బరువులోనే మంచుకు తట్టుకుంటాయి. ఐతే ధర పదివేలు దాటుతుంది.

యోగా చాప చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. అది కాలు జారకుండా ఉండడానికి చేసినది. బరువు ఎక్కువ, మందం తక్కువ. మెరిసే ప్లాస్టిక్ కాగితం ఒక్కటి పరచుకున్నా చాలదు. నేలను తాకి ఉన్న కాగితం వేడిని తిప్పికొట్టలేదు.

ఒక అంకె తెలిస్తే చాలు

చాప వెచ్చదనాన్ని కొలిచే అంకెను ఆర్ విలువ అంటారు. వేడిని ఎంత గట్టిగా అడ్డుకుంటుందో అది చెబుతుంది. అంకె పెరిగితే వెచ్చదనం పెరుగుతుంది. పూర్వం ఒక్కో తయారీదారుడు ఒక్కో విధంగా కొలిచేవాడు, కనుక పోల్చడం కుదిరేది కాదు. 2018లో అందరికీ ఒకే పరీక్ష ఏర్పడింది. దాన్ని ఏఎస్‌టీఎం ఎఫ్ 3340 అంటారు. ఆ పేరు అట్ట మీద ఉంటే అంకెను నమ్మవచ్చు.

మోటుగా ఒక లెక్క చెబుతాను. వేసవి రాత్రులకు 2 లోపు చాలు. చల్లని నేలకు 2 నుంచి 4. గడ్డకట్టే చలికి 4 పైన. మంచు మీద పడకకు 5 గాని, ఆ పైన గాని ఉండాలి. ఇందులో పేదవాడికి పనికివచ్చే సంగతి ఒకటుంది. రెండు చాపలు ఒకదానిమీద ఒకటి వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి. 2 ఉన్న ఫోమ్ చాప, 3 ఉన్న గాలి చాప కలిసి 5 అవుతాయి.

మేము చేసింది అదే. ఒక్కొక్కరికి మడత ఫోమ్ చాప ఒకటి, మధ్యరకపు గాలి చాప ఒకటి. రెండూ కలిసి తొమ్మిదివందల గ్రాముల పైచిలుకు. అక్క ఇచ్చిన బొంతలో నాలుగో వంతు బరువు కూడా లేదు. ఫోమ్ కింద ఉంటే ముళ్లు, రాళ్లు గాలి చాపకు తగలవు. గాలి చాప పాడైనా కనీసం ఒకటి మిగులుతుంది.

కొనేముందు దుకాణంలోనే నేలమీద పరచి, పక్కకు తిరిగి పడుకుని చూడాలి. తుంటి ఎముక నేలకు తగిలితే ఆ చాప మీకు చాలదు. భుజం నుంచి తుంటి వరకు చాప తప్పనిసరి. బరువు మరీ తగ్గించుకోవాలనుకున్నవారు పొట్టి చాప తీసుకుని, కాళ్ల కింద ఖాళీ సంచి పరచుకుంటారు. మంచులో మాత్రం పూర్తి పొడవే మేలు. గాలి చాపతో అతుకుల సామాను, సైకిలు ట్యూబుకు వేసేటటువంటివి, తప్పక ఉంచుకోవాలి. నోటితో ఊదితే ఊపిరిలోని తేమ లోపల చేరుతుంది గనుక గాలిసంచితో నింపడం మంచిది. చలికి లోపలి గాలి కుంచించుకుని చాప మెత్తబడుతుంది. పడుకోబోయే ముందు ఇంకొంచెం గాలి నింపాలి.

బేస్ క్యాంపు రాత్రి

సంక్రీ నుంచి మొదటిరోజు ఓక్, పైన్ చెట్ల నడుమ నడిచి, 9,100 అడుగుల ఎత్తున ఉన్న జూడా కా తాలాబ్ చేరాం. అది చిన్న చెరువు. ఆ కాలంలో పైన గడ్డకట్టి ఉంది. రెండవరోజు 11,250 అడుగుల ఎత్తున ఉన్న బేస్ క్యాంపు. అక్కడ నేల అన్నది కనబడదు, అంతా మంచే. మంచును కాళ్లతో తొక్కి చదును చేసి దాని మీద గుడారాలు వేశారు. రాత్రి మా గైడు దగ్గరి థర్మామీటరు సున్నాకు 9 డిగ్రీలు కిందికి దిగింది.

అర్ధరాత్రి దాటాక పక్క గుడారంలో అలికిడి అయింది. నెల్లూరు వైపునుంచి ఒంటరిగా వచ్చిన కుర్రవాడు వణికిపోతున్నాడు. అతనికి మంచి బ్యాగు ఉంది, పైన రెండు రగ్గులు ఉన్నాయి. కింద ఉన్నది యోగా చాప ఒక్కటే. మాట తడబడుతున్నది. చేతి తొడుగు గుండీ పెట్టుకోలేకపోతున్నాడు. ఎవరో మరో రగ్గు తెచ్చారు. ఇంకొకరు, "పొయ్యి లోపలికి తెచ్చి వెలిగిద్దాం" అన్నారు.

గైడు రెంటికీ ఒప్పుకోలేదు. ఆయన గఢ్వాలీ మనిషి, మాటలు తక్కువ. "నీచే, నీచే" అని మాత్రం అన్నాడు. కింద, కింద అని. మా మేనల్లుడు ఎవరూ అడగకుండానే తన ఫోమ్ చాప లాగి ఇచ్చాడు. నేను నాది ఇచ్చాను. రెండూ ఆ కుర్రవాడి కింద పరిచారు. తడిసిన మేజోళ్లు తీసి పొడివి తొడిగారు. సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి ఛాతీ దగ్గర పెట్టారు. పంచదార ఎక్కువ వేసిన టీ కొంచెం కొంచెంగా తాగించారు. గైడు పక్కనే కూర్చున్నాడు. ముప్పావుగంటలో వణుకు తగ్గింది, మాట తేటపడింది. అప్పుడు గాని ఆయన లేవలేదు.

తెల్లవారుజామున మూడు గంటలకు శిఖరానికి బయలుదేరాం. ఆ కుర్రవాడు రాలేదు, వెనక్కి దింపారు. పైనుంచి స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్ శిఖరాల మీద మొదటి ఎండ పడడం చూశాం. మా మేనల్లుడు ఆ రాత్రి మిగిలిన గంటలు గాలి చాప ఒక్కదాని మీదే గడిపాడు, సరిగా నిద్రపోలేదు. ఐనా ఆ మాట దిగేవరకు ఎత్తలేదు.

ప్రాణానికి సంబంధించిన రెండు మాటలు

గైడు పొయ్యిని ఎందుకు వద్దన్నాడో అందరూ తెలుసుకోవాలి. మూసిన గుడారంలో గాని, తలుపులు బిగించిన గదిలో గాని పొయ్యి, బొగ్గుల కుంపటి పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాడు లేవడు. మన లంబసింగి, అరకు వైపు చలికి గుడారాలు వేసుకునే యువకులు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. నెగడు బయటే ఉండాలి. లోపల వెచ్చదనానికి చాపే ఆధారం.

రెండవది, ఒంటి వేడి పడిపోతున్న గుర్తులు. మొదట వణుకు. తర్వాత చేతులు మాట వినవు, మాట ముద్దగా వస్తుంది, మనిషి మందంగా ఉంటాడు. వణుకుతున్నవాడు ఉన్నట్టుండి వణకడం మానేస్తే తగ్గిందని సంతోషించకూడదు. అది ప్రమాదం ముదిరిందనడానికి గుర్తు. వెంటనే వైద్యసహాయం కావాలి. సారాయి పోస్తే వెచ్చబడతాడన్న మాట అబద్ధం. అది ఒంటి వేడిని ఇంకా బయటికి పంపుతుంది.

మన ఇళ్లకు వచ్చే పాఠం

కేదార్‌కంఠకు మనలో ఎందరు వెళ్తారు? కొద్దిమందే. కాని కింద పరచుకొనేదాని అవసరం అందరికీ వస్తుంది. పూర్వపు మట్టి నేల, దాని మీద గడ్డి పోయి, ఇప్పుడు ప్రతి ఇంట్లో సిమెంటు, టైల్సు వచ్చాయి. జనవరిలో అవి మట్టికన్నా తొందరగా ఒంటి వేడిని లాగుతాయి. పెద్దవాళ్లు "నడుము పట్టేసింది" అంటే మనం ఇంకో దుప్పటి కప్పుతాం. మంచం నులకదైతే కింద గాలి ఆడి మరీ చల్లబడుతుంది. ఆ దుప్పటినే మడిచి కింద వేసి చూడండి.

పెద్దాసుపత్రుల వరండాల్లో డిసెంబరు రాత్రులు చూసినవారికి నేను చెప్పేది బాగా తెలుస్తుంది. లోపల రోగికి మంచం ఉంటుంది. బయట రాతి నేల మీద, ఒక పాత చీర పరచుకుని అతని తల్లి, భార్య ఉంటారు. ఊరినుంచి ఉన్నపళంగా వచ్చినవారు బొంతలు మోసుకు రాలేరు. నాలుగు వందల గ్రాముల ఫోమ్ చాప ఐతే ఒక్క చేత్తో పట్టుకుని బస్సెక్కవచ్చు. తడిస్తే తుడుచుకోవచ్చు, ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. నిప్పుకు మాత్రం దూరంగా ఉంచాలి.

మా అక్క ఇప్పుడు ఆ పని చేసింది. మేనల్లుడి చాపతోపాటు మరో రెండు కొని ఇంట్లో ఉంచింది. వీధిలో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చారని తెలిస్తే అన్నం క్యారియరుతోపాటు ఒక చాప కూడా పంపుతుంది. కిందటి చలికాలంలో ఆ మూడు చాపలూ ఒక్క వారం కూడా ఇంట్లో ఉండలేదు.